ముగ్గురికి మూడు వంటలు వద్దమ్మా, కిరాణా లిస్టు దగ్గర మొదలుపెడదాం

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది రాజమండ్రి, ఇంట్లో ఐదుగురు. మీవారికి 42 ఏళ్లు, ఆఫీసు చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. అత్తయ్యగారికి 66, పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు. బాబుకి 11, స్కూల్లో పిల్లలు లావుగా ఉన్నావని ఏడిపిస్తున్నారంట, పాపకి 6, ముద్ద నోట్లో పెట్టుకుని గంట కూర్చుంటుంది. మీకేమో హిమోగ్లోబిన్ 9.8, పైగా ఉద్యోగం. "అందరికీ తలో డైట్ చెప్తున్నారు, పొద్దున్నే మూడు రకాల వంటలు చేసి ఆఫీసుకెళ్లేసరికి నాకు ఏడుపొస్తోంది, ఏం చెయ్యాలి" అని అడిగారు. ఆ చివరి మాట చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయానండి.

నేను కాకినాడలో 23 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను చూసింది ఏంటంటే ఇంట్లో ఒక్కరికి విడిగా పెట్టిన డైట్ నలభై రోజులు కూడా నడవదు, అందరూ ముద్దపప్పు ఆవకాయ కలుపుకుంటుంటే పక్కన ఒక మనిషి రెండు పుల్కాలు ముందేసుకుని ఎంతకాలం కూర్చుంటాడు చెప్పండి, చేసేవాళ్లకీ విసుగే తినేవాళ్లకీ విసుగే. అందుకే నేను ఎవరొచ్చినా ముందు బ్లడ్ రిపోర్ట్ కన్నా నెల సరుకుల లిస్టు అడుగుతాను. ఇంట్లోకి ఏం వస్తుందో అదే కడుపులోకి వెళ్తుంది, మనిషి చెప్పేటప్పుడు మర్చిపోతాడు గానీ లిస్టు మర్చిపోదు. మీరు అడక్కుండానే ఆ లిస్టు పెట్టారు, చాలా మంచి పని చేశారు. దాంతోనే మొదలుపెడతా.

మీ లిస్టులో బియ్యం 30 కేజీలు, ఇడ్లీ రవ్వ 3, గోధుమ పిండి 3, ఉప్మా రవ్వ 2, అంటే ధాన్యం మొత్తం 38 కేజీలు. కందిపప్పు 2 కేజీలు, మినప్పప్పు కేజీన్నర, పప్పులన్నీ కలిపి మూడున్నర. నూనె 6 లీటర్లు, పంచదార 4 కేజీలు, ఉప్పు కేజీన్నర. కూరగాయలు వారానికి ఐదారు కేజీలు అన్నారు.

ఇప్పుడు దీన్ని ఐదుగురికి, 30 రోజులకి పంచి చూడండి. ధాన్యం మనిషికి రోజుకి 250 గ్రాములు వచ్చింది. పప్పు మనిషికి 23 గ్రాములు, కూరగాయలు సుమారు 160 గ్రాములు, నూనె 36 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2024లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో 2000 క్యాలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు గానీ మాంసం చేప లాంటివి గానీ 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండు 100 గ్రాములు, పాలు పెరుగు 300 ఎంఎల్, నూనె 27 గ్రాములు అని చెప్పారు. పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఇంట్లో ధాన్యం సగటున లెక్కకి సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ పాప గుప్పెడే తింటుంది, అత్తయ్యగారు తక్కువ తింటారు, కాబట్టి ఆ మిగిలిందంతా మీవారికీ బాబుకీ వెళ్తోంది. అసలు లోటు పప్పులో ఉంది, ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు, మీరు వారానికి ఒకసారి చికెన్, రెండుసార్లు గుడ్లు అన్నారు కాబట్టి కొంచెం పూడుతుంది అంతే. కూరగాయలు సగం కూడా రావట్లేదు.

అందుకే మీరు "ఏం మానాలి" అని అడిగితే నేను ముందు "ఏం పెంచాలి" అని చెప్తాను. పప్పు, కూర పెరక్కుండా అన్నం ఒక్కటే తగ్గిస్తే మనిషికి పదకొండు గంటలకే కడుపులో కాలుతుంది, అప్పుడు ఆఫీసు క్యాంటీన్‌లో సమోసా తింటాడు. తప్పు ఆయన మనసుది కాదండి, కడుపులో కాసేపు నిలిచే తిండి కంచంలో లేకపోవడం వల్ల.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. ఈ ఎన్ఐఎన్ మొదట హైదరాబాద్‌లో పుట్టలేదు, 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ చిన్న పరిశోధనశాలగా మొదలుపెట్టాడు, హైదరాబాద్‌కి వచ్చింది 1958లో. అసలు మొదలైందే బెరిబెరి జబ్బు గురించి తెలుసుకోవడానికి. ఆ బెరిబెరి ఎక్కువగా కనిపించిన ప్రాంతాల్లో మన ఉత్తర సర్కారులు ఒకటి, అంటే మన గోదావరి, కృష్ణా, విశాఖ వైపు. కారణం మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం, తవుడుతో పాటు బి1 విటమిన్ పోయేది, ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు తక్కువ. ఇప్పుడు బెరిబెరి దాదాపు లేదు, కానీ వందేళ్ల తర్వాత కూడా మన కంచం అదే, మధ్యలో తెల్లటి అన్నం కుప్ప, చుట్టూ కూర నంచుకోవడానికి. అప్పట్లో నరాలకీ గుండెకీ వచ్చింది, ఇప్పుడు షుగర్ రూపంలో వస్తోంది.

మన భోజనం వరస ఒకసారి గుర్తు చేసుకోండి. పప్పన్నం, తర్వాత కూరన్నం, పచ్చడి అన్నం, చారన్నం, చివర పెరుగన్నం. ప్రతి దానికీ అన్నం కలపాల్సిందే, అంటే ఒక్క భోజనంలో నాలుగైదు సార్లు అన్నం. ఎవరూ అతిగా తిందామని తినరు, వరస అలా ఉంది కాబట్టి అంత లోపలికి వెళ్తుంది. అందుకే నేను వంటకం మార్చమని చెప్పను, వడ్డించే పద్ధతి మార్చమంటాను. కంచంలో ముందు కూర వడ్డించండి, అది సగం కంచం ఉండాలి, పక్కన ఒక గిన్నెడు గట్టి పప్పు. రెండు నిమిషాలు కూర, పప్పు ఉత్తవి తిన్నాకే అన్నం గిన్నె రావాలి. కూర పీచు, పప్పు ప్రోటీన్ ముందు కడుపులోకి వెళ్తే తర్వాత వెళ్లిన అన్నం తాలూకు షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది, ఇది పరిశోధనల్లో తేలిన విషయమే. పచ్చడి అన్నం వారానికి రెండు రోజులకి పెట్టుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు. పెరుగన్నం నాలుగు ముద్దలు చాలు, మిగతా పెరుగు గిన్నెలో ఉత్తిదే తినొచ్చు. మొదటి వారం మీవారు గొణుగుతారు, అత్తయ్యగారు "అన్నం పెట్టకుండా కూర తినమంటావేంటే" అంటారు, అననివ్వండి, రెండో వారానికి అలవాటైపోతుంది. అన్నం గిన్నె టేబుల్ మీద పెట్టకుండా వంటింట్లోనే ఉంచండి, మారు వడ్డించుకోవాలంటే లేచి వెళ్లాలి, ఈ ఒక్క చిన్న పనితో చాలా ఇళ్లల్లో నెలకి నాలుగైదు కేజీల బియ్యం తగ్గడం నేను చూశాను.

పప్పు విషయం. మీరు పావు కేజీ కందిపప్పుతో దాదాపు నాలుగు రోజులు నడుపుతున్నారు, అది పప్పు కాదమ్మా, పప్పు నీళ్లు. చిక్కగా చెయ్యండి, తోటకూర పప్పు, చుక్కకూర పప్పు, బచ్చలికూర పప్పు, మామిడికాయ వచ్చే కాలంలో మామిడికాయ పప్పు. కందిపప్పు ఒక్కటే కాదు, పెసరపప్పు త్వరగా ఉడుకుతుంది, ఆఫీసుకెళ్లేవాళ్లకి సులువు. ఇక మన దగ్గర ఉన్న గొప్ప తిండి గుగ్గిళ్లు, దాన్ని మనం పండక్కి ప్రసాదం చేసి వదిలేశాం. ఆదివారం రాత్రి శనగలు, బుధవారం రాత్రి బొబ్బర్లు నానబెట్టండి, పొద్దున్న కుక్కర్‌లో ఉడికించి ఫ్రిజ్‌లో డబ్బాలో పెట్టుకుంటే మూడు రోజులు వస్తాయి. సాయంత్రం ఆరింటికి మీవారు బజ్జీలు తెస్తారన్నారు కదా, ఆ టైముకి చెంచాడు నూనెలో తాలింపు పెట్టి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండి వేడివేడిగా ముందు పెట్టండి. ఆకలికి వేడిది కావాలి, కారంగా ఉండాలి, అంతే కదా బజ్జీలో ఉన్నది. ఉలవచారు మన ఇష్టమే, కానీ అందులో ఉలవల నీళ్లే వస్తాయి, అసలు ప్రోటీన్ ఉడికిన గింజలో ఉండిపోతుంది, వాటిని పారెయ్యకుండా గుగ్గిళ్లు చేసుకోండి.

టిఫిన్లకి పెద్దగా మార్చాల్సింది లేదు, మన టిఫిన్లు నిజానికి బాగుంటాయి. ఇడ్లీకి ఒకటికి రెండు రవ్వ పోస్తున్నారు కదా, ఒకటికి ఒకటిన్నర చెయ్యండి, కాస్త మెత్తగా వస్తుంది అంతే. పెసరట్టు వారానికి రెండు రోజులు, లోపల ఉప్మా లేకుండా. ఉప్మా చేసిన రోజు రవ్వ ఎంతో కూరగాయ ముక్కలు అంత. దిబ్బరొట్టిలోనూ మినప్పప్పు ఉంటుంది కాబట్టి మంచిదే, నూనె కొంచెం చూసుకుని పొయ్యండి. శనగపప్పు, వేరుశనగ చట్నీలు ఆపొద్దు.

వేపుడు దగ్గర నూనె పోతోంది మీ ఇంట్లో, నాకు లిస్టు చూస్తేనే తెలుస్తుంది. బెండకాయ, దొండకాయ, కాకరకాయ, చిక్కుడు, రోజూ ఏదో ఒక వేపుడు ఉండాల్సిందే కదా. దొండకాయ, చిక్కుడు లాంటివి ముందు ఐదు నిమిషాలు ఆవిరికి ఉడికించి తర్వాత రెండు చెంచాల నూనెలో వేపండి, చివర్లో నువ్వుల పొడి గానీ వేరుశనగ పొడి గానీ చల్లండి, రుచి ఎక్కడికీ పోదు. మిగతా రోజులు ఆవపెట్టిన కూర, ఇగురు, పప్పు వేసిన కూర, మజ్జిగ పులుసు. నూనె కొలవడానికి పెద్ద లెక్కలొద్దు, ప్యాకెట్ కోసిన రోజు డబ్బా మీద తేదీ రాయండి, మీ ఇంటికి లీటరు ఏడు రోజుల పైన రావాలి, ఇప్పుడు ఐదు రోజులకే అయిపోతోంది. నెలకి నాలుగు లీటర్లు టార్గెట్. ఏ నూనె అని చాలామంది నన్ను గొడవగా అడుగుతారు, వేరుశనగ, తవుడు నూనె, నువ్వుల నూనె మార్చి మార్చి వాడండి, ఏ నూనె అనే దానికన్నా ఎంత నూనె అనేదే ముఖ్యం. బజ్జీలు వేసిన నూనె మళ్లీ మళ్లీ కాచొద్దు.

ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, ఐదుగురికి నెలకి ముప్పావు కేజీ. మీ ఇంట్లో దానికి రెట్టింపు, ఆవకాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు లెక్కలో లేకుండానే. ఆవకాయ మానమని నేను ఎవరికీ చెప్పలేదు, గోదావరి జిల్లాలో పుట్టి అది చెప్పలేను, పప్పన్నంలోకి ఒక ముక్క, ఊట మాత్రం కలపొద్దు. పొటాషియం ఉన్న లో సోడియం ఉప్పు మాత్రం అత్తయ్యగారి కిడ్నీ టెస్టు చూపించకుండా కొనొద్దు.

పంచదార 4 కేజీలు. అత్తయ్యగారు తినరు కాబట్టి నలుగురిదే లెక్క, మనిషికి 33 గ్రాములు, బయట తినే బిస్కెట్లు, స్వీట్లు కాకుండా. 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మీవారి మూడు టీలే రోజుకి ఆరు చెంచాలు. ఒక్కసారిగా షుగర్ లేని టీ ఇస్తే పారబోస్తారు, పదిహేను రోజులకి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుకకి తెలీదు. బెల్లం మంచిది కదా అని బెల్లం టీకి మారొద్దు, షుగర్ విషయంలో బెల్లం కూడా పంచదారే.

బాబు సంగతికొద్దాం, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. దయచేసి బాబుకి డైట్ పెట్టొద్దు, బరువు తగ్గించే ప్రయత్నం కూడా చెయ్యొద్దు. 11 ఏళ్ల పిల్లాడు ఇంకా బాగా పొడవు పెరుగుతాడు, బరువు ఇక్కడ ఆగితే చాలు, పొడవు పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. ఇంట్లో ఎవరూ, ముద్దుగా కూడా, "బొండం" "లడ్డు" అని పిలవకూడదు, బంధువులొచ్చినప్పుడు వాడి ముందు వాడి తిండి గురించి మాట్లాడకూడదు. నా దగ్గరికొచ్చిన ఎంతమంది పిల్లలో, అందరి ముందూ తినడం మానేసి రాత్రి ఫ్రిజ్ దగ్గర దొంగచాటుగా తినేవాళ్లు, అది మొదలైతే తిప్పడం చాలా కష్టమమ్మా. వాడి కోసం మీరు కొనే పాలలో కలిపే పొడి డబ్బా ఉంది కదా, అట్ట మీద పదార్థాల పేర్లు చదవండి, ఏది బరువులో ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలని ఫుడ్ సేఫ్టీ రూల్, పంచదార ఎన్నో స్థానంలో ఉందో మీకే కనిపిస్తుంది. అసలు మన ఆహార చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే పదానికి నిర్వచనమే లేదు, 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లని ఆ పేరు తీసెయ్యమంది. డబ్బా అయిపోయాక మళ్లీ కొనకండి, పాలు పాలుగానే ఇవ్వండి. మల్టీగ్రెయిన్ అని రాసున్న బిస్కెట్లు కూడా అలాగే చూడండి, చాలావాటిలో మొదటి పేరు మైదానే. ఫ్రిజ్‌లో కూల్ డ్రింక్ సీసా ఉంచొద్దు, చిన్న 250 ఎంఎల్ సీసాలోనే ఐదారు చెంచాల పంచదార ఉంటుంది. బయటికెళ్లినప్పుడు ఎప్పుడో తాగితే పర్లేదు, ఇంట్లో నిల్వ ఉండకూడదు అంతే.

వాడికి రోజుకి గంట ఒళ్లు కదలాలి, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలందరికీ అదే లెక్క. స్కూల్ నుంచి వచ్చి అరగంటలో ట్యూషన్‌కి పంపిస్తున్నారన్నారు. ట్యూషన్ ఏడింటికి మార్చగలరేమో అడగండి, లేదా వారానికి మూడు రోజులే చెయ్యండి, ఐదున్నర నుంచి ఆరున్నర ఆట టైము, అది ఎవరూ ముట్టుకోకూడని గంట. క్రికెట్‌లో లావుగా ఉన్నాడని వికెట్ కీపర్‌గా నిలబెడతారు పాపం, కదలిక ఉండదు, షటిల్, సైకిల్, ఈత లాంటివి చూడండి. ఈతలో లావు సన్నం తేడా ఉండదు, బొద్దుగా ఉన్న పిల్లలు నీళ్లల్లో బాగా తేలతారు, వాళ్లకి నమ్మకం వస్తుంది. కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌కే పంపండి, గోదావరిలోకి వద్దు.

పాప తినడం లేదన్నారు, బరువు, పొడవు వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారు కాబట్టి భయపడకండి. గంటసేపు వెంటపడి తినిపించడం ఆపండి, ఇరవై నిమిషాలు, తిన్నా తినకపోయినా కంచం తీసెయ్యండి, ఫోన్ లేకుండా. మధ్యలో బిస్కెట్లు, పాలు ఆపితే తర్వాతి పూటకి ఆకలేస్తుంది. నులిపురుగుల మాత్ర వేశారా? ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ వేస్తారు, ఆ రోజు మిస్ అయితే తర్వాత మళ్లీ ఇంకో రోజు వేస్తారు, కనుక్కోండి.

అత్తయ్యగారి విషయం జాగ్రత్తగా చదవండి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరాల్లో ఒక పెద్దాయనకి అన్నం సగం చెయ్యమని చార్టు రాసిచ్చాను, ఆయన ఏ మాత్రలు వాడుతున్నారో సరిగ్గా అడగలేదు. ఆయన బుద్ధిగా పాటించారు, నాలుగో రోజు తెల్లవారుజామున షుగర్ పడిపోయి స్పృహ తప్పారు. బతికారు, దేవుడి దయ. ఆ తప్పు నాది, ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే అడుగుతున్నా, అత్తయ్యగారి మాత్రల్లో గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి (తిండి తగ్గితే షుగర్‌ని మరీ కిందికి పడేసే మాత్రలు) ఉన్నాయా, ఇన్సులిన్ ఉందా? ఉంటే అన్నం తగ్గించే ముందు డాక్టర్‌కి చెప్పాలి, డోసు తగ్గించాల్సి రావచ్చు. శనివారం ఒక్కపొద్దు ఉంటారని రాశారు, ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో కూడా అడగండి, మాత్ర వేసుకుని తినకుండా ఉండటం అన్నిటికన్నా ప్రమాదం. చెమటలు, వణుకు, గుండె దడ, చిరాకు, మాట తడబడటం కనిపిస్తే షుగర్ చూడండి, 70 కన్నా తక్కువుంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

ఆవిడ పొద్దున్నే రెండు గ్లాసుల రాగిజావ బెల్లంతో తాగుతున్నారు, షుగర్‌కి మంచిదని. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, చాలా గొప్ప గింజ, కాదనను. కానీ మెత్తటి పిండి చేసి పల్చగా ఉడికించి తాగితే షుగర్ గబగబా ఎక్కుతుంది, పైగా బెల్లం. అదే రాగిపిండి మినప్పిండిలో కలిపి దోశ వేస్తే గానీ, ఉల్లిపాయ, మునగాకు వేసి రొట్టె చేస్తే గానీ నెమ్మదిగా అరుగుతుంది. జావే కావాలంటే ఒక చిన్న గ్లాసు, మజ్జిగ, ఉప్పు చిటికెడు, ఉల్లిపాయ ముక్కలతో. కొర్రలు, సామలు కూడా ఇంతే, అన్నం బదులు కొర్రన్నం అదే కుప్ప తింటే ఉపయోగం సగమే.

మీవారి 6.1 గురించి మీరు భయపడ్డారు, 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే షుగర్ జబ్బు. తల్లికి ఉంది కాబట్టి ఆయనకి ముప్పు ఎక్కువే, కానీ ఇదే సరైన టైము. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం ఇలాంటి దశలోనే ఉన్న 531 మందిని మూడేళ్లు చూసి 2006లో ఫలితాలు ప్రచురించారు. మామూలు సలహా మాత్రమే ఇచ్చిన వాళ్లలో వందకి 55 మందికి షుగర్ వచ్చింది, తిండి, నడక మార్చుకున్న వాళ్లలో 39 మందికి. మార్చుకున్నవాళ్లకి దాంతోపాటు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చినా అంతకన్నా ఏమీ తగ్గలేదు. మన దక్షిణాది వాళ్ల మీద, మన లాంటి అన్నం తినేవాళ్ల మీద చేసింది కాబట్టి నేను అందరికీ ఇదే చెప్తాను. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు, బరువు మెషిన్ కన్నా టేపు నమ్మండి.

నడక అంటే అందరూ పొద్దున్నే ఐదింటికి లేవడం అనుకుంటారు. మీ ఇంట్లో అది కుదరదు, కుదరని దాన్ని ఎందుకు పెట్టుకోవడం. రాత్రి భోజనం ఇప్పుడు తొమ్మిదిన్నరకి చేస్తున్నారు, ఎనిమిదికి మార్చండి, తిన్న పావుగంటకి అందరూ కలిసి పదిహేను నిమిషాలు వీధిలోనో డాబా మీదో నడవండి. తిన్న వెంటనే కాళ్ల కండరాలు కదిలితే రక్తంలో షుగర్‌ని అవి నేరుగా లాక్కుంటాయి, ఆ టైములో ఇన్సులిన్ మీద అంత ఆధారపడవు, అందుకే అదే పదిహేను నిమిషాలకి తిన్నాక ఎక్కువ ఫలితం. మధ్యాహ్నం ఆఫీసులో మీవారు ఇంకో పది నిమిషాలు. వారానికి 150 నిమిషాలు పెద్దవాళ్లకి కనీసం, ఇలా విడగొడితే తెలీకుండా అయిపోతుంది. పదివేల అడుగుల గురించి ఫోన్ చూసుకుని బాధపడొద్దు, ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగులు లెక్కపెట్టే యంత్రం పేరు నుంచి వచ్చింది, డాక్టర్లు పెట్టింది కాదు. ఆదివారం సాయంత్రం గోదావరి గట్టుకి వెళ్లండి, పుష్కర ఘాట్ దగ్గర బండి ఆపి నడవండి, పిల్లలు పరిగెడతారు. మార్చి దాటాక మాత్రం పొద్దున్న ఏడు లోపు, సాయంత్రం ఆరున్నర తర్వాతే.

నడక ఒక్కటే చాలదు, కండ కూడా కావాలి, అత్తయ్యగారికి మరీను. చేతులు లేని కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు, రోజుకి రెండు పూటలా, పక్కన గోడ ఉండేలా. చాలా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఆ వయసులో బాత్‌రూమ్‌లో పడిపోకుండా కాపాడేది తొడల బలమే. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూడండి, తిమ్మిరి ఉన్న కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలీదు. మీవారికి గోడకి చేతులు ఆనించి పుషప్స్, మెట్లు.

ఇక మీరు. అందరి గురించీ పేజీ రాసి మీ గురించి ఒక్క లైను రాశారు. 9.8 అంటే మధ్యస్థ రక్తహీనత, ఇది దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరాలతో తీరేది కాదు, డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు మూడు నెలలకి తగ్గకుండా వేసుకోవాల్సిందే. పీరియడ్స్‌లో రక్తం ఎక్కువ పోతోందా అని గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి, కారణం పట్టుకోకపోతే మళ్లీ పడిపోతుంది. మాత్రకి ముందు వెనక గంట టీ, పాలు, కాల్షియం మాత్ర వద్దు, నిమ్మరసంతో వేసుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఆపండి, తోటకూర పప్పులో ఉన్న ఐరన్‌ని టీ ఒంటికి పట్టనివ్వదు, నిమ్మకాయ, ఉసిరికాయ పట్టేలా చేస్తాయి. అందరూ తిన్నాక మిగిలింది తినడం కూడా ఆపాలమ్మా, కూర అయిపోయి మీకు చారు, పచ్చడి మిగలడం నాకు తెలుసు, మీ కూర మీరు ముందే గిన్నెలో తీసి పెట్టుకోండి. ఎనిమిదిన్నర నడక తర్వాత గిన్నెలు సర్దడం, గుగ్గిళ్లు నానబెట్టడం, కూరగాయలు కొయ్యడం మీవారూ బాబూ చెయ్యాలి, అదీ ఒళ్లు కదలడమే, ఆయన 6.1కి అదీ మందే. మీరు ఆయనకి ఈ జవాబు చదివి వినిపించండి, ఆ లైను కూడా.

కూరగాయలు వారానికి పది కేజీలకి పెంచండి, ఉల్లిపాయలు, బంగాళదుంపలు లెక్క కాకుండా. పప్పులు, శనగలు, బొబ్బర్లు, పెసలు అన్నీ కలిపి నెలకి ఎనిమిది కేజీలు, బియ్యం 22, నూనె 4, పంచదార 2 లోపు. బియ్యం, నూనె, పొడి డబ్బా, బిస్కెట్లు తగ్గిన డబ్బు పప్పులకీ కూరలకీ చాలావరకు సరిపోతుంది. అన్నీ ఒకే నెలలో వద్దు, మొదటి నెల వడ్డన, రాత్రి నడక మాత్రమే, రెండో నెల నుంచి లిస్టు. సంక్రాంతికి అరిసెలు, జంతికలు మానమని అనను, పండగ మూడు రోజులు తినండి, డబ్బాలకి డబ్బాలు చేసి శివరాత్రి దాకా నిల్వ పెట్టకండి.

హెచ్‌బీఏ1సీ మూడు నెలలకి ముందు మళ్లీ చేయించొద్దు, ఎర్ర రక్తకణం నాలుగు నెలలు బతుకుతుంది, అంతకుముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనిపించదు, ఊరికే దిగులు. మీ హిమోగ్లోబిన్ మాత్రం నెలకి ఒకసారి. ఇవన్నీ మొదలుపెట్టే ముందు అత్తయ్యగారి మాత్రల అట్ట మీద పేర్లు, మోతాదు, ఏ పూట వేసుకుంటారో నాకు రాయండి, అది చూశాకే ఆవిడ కంచంలో అన్నం ఎంత అనేది చెప్తాను, అప్పటిదాకా ఆవిడకి కూర, పప్పు పెంచండి గానీ అన్నం తగ్గించకండి.